అలంకరణ చెట్లకు పురుగు పడితే: గుర్తించడం నుంచి పిచికారీ దాకా

చెట్టుకు పురుగు పట్టిందనగానే మందు డబ్బా వెతుక్కుంటాం. దానికంటే ముందు రెండు సంగతులు తేలాలి. అది ఏ పురుగు? ఇప్పుడు ఏ దశలో ఉంది? ఈ రెండూ తెలియకుండా కొట్టిన మందు చాలావరకు నేలపాలే. పొలుసు పురుగు గట్టి పెంకు కిందికి చేరాక ఎంత మంచి సబ్బు ద్రావణం కొట్టినా దాని ఒంటికి తగలదు. బాగా ఎదిగిన గొంగళి పురుగు మీద బిటి మందు (గొంగళి పురుగుల కడుపులోకి పోయి చంపే బాక్టీరియా మందు) ప్రభావం అంతంత మాత్రమే. ఆకుల మీద చేరే నల్లి (పిండినల్లి వేరు) అసలు కీటకమే కాదు, సాలీడు జాతికి చెందిన ఎనిమిది కాళ్ళ జీవి. దానికి ఇమిడాక్లోప్రిడ్ అనే కీటకనాశిని వాడితే తగ్గకపోగా పెరగవచ్చు. కుండీలో మొక్కకైతే నాలుగు రోజులు ఆగి మళ్ళీ కొట్టుకోవచ్చు. పది మీటర్ల చెట్టుకు ప్రతిసారీ పవర్ స్ప్రేయర్, మనుషులు, సగం రోజు పని. కాబట్టి మొదటిసారే గురి కుదరాలి.

లక్షణాలను బట్టి పురుగును పట్టుకోవడం

పురుగు కంటే ముందు అది చేసిన నష్టం కనబడుతుంది. ఆకు అంచులు కొరికేసి ఉన్నా, మధ్యలో చిల్లులు పడినా, ఈనెలు మాత్రమే మిగిలినా అది నమిలి తినే పురుగు పని: గొంగళి పురుగు, పెంకు పురుగు లేదా మిడత. ఆకులు ముడుచుకుని, పసుపు చుక్కలు పడి, చిగుళ్ళు గిడసబారితే రసం పీల్చే పురుగులను వెతకాలి. ఆకు మీద వెండి పూత పూసినట్టు మెరుపు, దాని మధ్య చిన్న నల్ల చుక్కలు ఉంటే తామర పురుగులు. ఆకు పొరల మధ్య వంకర టింకర తెల్ల గీతలు పాము పొడ పురుగువి. కాండానికి చిల్లు, దాని కింద రంపపు పొట్టు లాంటి రజను కనబడితే తొలిచే పురుగు లోపల ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది.

చెట్టు కింద బెంచీలు, నిలిపిన వాహనాల అద్దాలు బంకబంకగా ఉంటే పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, మెత్తని పొలుసు పురుగు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పైన ఉంది. అవి విసర్జించే తీపి బంక మీద నల్లని బూజు పెరిగి ఆకులు మసి పూసినట్టవుతాయి. దాన్ని మసి తెగులు అంటారు. ఆ బూజు ఆకు లోపలికి పోదు, తడి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. దానికి శిలీంద్రనాశిని కొట్టడం దండగ. పైనున్న పురుగు పోతే బంక ఆగుతుంది, బంక ఆగితే మసి ఎండి రాలిపోతుంది. గట్టి పెంకు పొలుసు పురుగు మాత్రం బంక విసర్జించదు. కొమ్మలు ఎండుతున్నా బంక జాడ లేకపోతే దాన్నే అనుమానించి, బెరడు మీద గోటితో గీకి చూడాలి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి, తెల్ల కాగితం ఒకటి దగ్గర ఉంచుకోండి. కొమ్మ కింద కాగితం పట్టుకుని కొమ్మను మూడు నాలుగు సార్లు గట్టిగా తట్టి, అర నిమిషం కదలకుండా చూడండి. దుమ్ము కదలదు. గుండ్రని చుక్కలు నిదానంగా పాకితే నల్లి. సన్నగా, పొడుగ్గా ఉండి చురుగ్గా పరుగెత్తితే తామర పురుగులు. ఆకుల అడుగు భాగం చూడడం మరవకండి. చాలా పురుగులు కాపురం పెట్టేది అక్కడే.

పురుగు లేకుండానే పురుగు పట్టినట్టు కనబడే సందర్భాలూ తక్కువేమీ కావు. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపు పచ్చగా మారితే చాలాసార్లు ఇనుము లోపం, ముఖ్యంగా సున్నపు నేలల్లో. అంచులు మాడితే నీటి ఎద్దడో, ఉప్పు నీళ్ళో. పక్కన కొట్టిన కలుపు మందు గాలికి కొట్టుకొచ్చినా చిగుళ్ళు మెలితిరిగి పేనుబంక పట్టినట్టే ఉంటాయి. భూతద్దంతో వెతికినా పురుగు గానీ, గుడ్డు గానీ, వదిలేసిన కుబుసం గానీ, విసర్జన గానీ దొరకకపోతే మందు కొట్టకండి.

ఏ నష్టానికి ఆగాలి, దేనికి ఆగకూడదు

ఆరోగ్యంగా ఎదిగిన ఆకురాల్చే చెట్టు నాలుగో వంతు ఆకులు పోయినా తట్టుకుంటుంది. రేల చెట్టు ఆకులను పసుపుపచ్చ సీతాకోకచిలుకల గొంగళి పురుగులు తినేస్తాయి. కొన్ని వారాల్లో కొత్త చిగురు వస్తుంది, ఆ తరం పురుగు సీతాకోకై ఎగిరిపోతుంది. దానికి మందు అక్కర్లేదు. తురాయి ఆకులను తినే దాసరి పురుగులు ఒక్కోసారి చెట్టంతా మోడు చేస్తాయి. పెద్ద చెట్టు ఒకసారికి కోలుకుంటుంది. ఒకే ఏడాదిలో రెండు మూడుసార్లు అలా అయితే మాత్రం నిల్వ ఉన్న శక్తి అయిపోయి కొమ్మలు ఎండడం మొదలవుతుంది.

ఆగకూడని సందర్భాలు ఇవి. నాటి రెండు మూడేళ్ళు కాని చెట్టు. వేళ్ళు తెగి, నీళ్ళు చాలక ఇప్పటికే నీరసించిన చెట్టు. సైప్రస్, థూజా లాంటి సూది, పొలుసు ఆకుల చెట్లు. వీటి కొమ్మలు పూర్తిగా బోడైతే తిరిగి చిగురించడం అరుదు. తాటి జాతి చెట్లు. వీటికి పెరుగుదల మొగ్గ ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. ఇక కాండం తొలిచే పురుగు ఏ చెట్టులో ఉన్నా వెంటనే కదలాలి.

మందు కంటే ముందు మిత్రపురుగుల లెక్క

పేనుబంక గుంపును భూతద్దంతో చూసేటప్పుడు కొన్ని పురుగులు ఉబ్బి, గోధుమ రంగులో, కాగితపు బుడగల్లా కదలకుండా కనబడతాయి. కొన్నింటికి వెనక భాగంలో కంపాసుతో గీసినంత గుండ్రని రంధ్రం ఉంటుంది. పరాన్నజీవి కందిరీగ ఆ పేనులో గుడ్డు పెట్టింది, దాని పిల్ల లోపల తిని పెరిగి ఆ రంధ్రం గుండా బయటపడింది. గుంపులో ఇలాంటివి పదింటికి ఒకటి రెండు కనబడినా, అక్షింతల పురుగు పిల్లలు తిరుగుతున్నా వారం ఆగి మళ్ళీ చూడండి. పేనుబంక సంఖ్య దానంతటదే పడిపోవడం తరచూ జరిగేదే. ఆ సమయంలో సింథటిక్ పైరెత్రాయిడ్ (మంచి చెడు తేడా లేకుండా పురుగులను చంపే రసాయన మందు) కొడితే మిత్రపురుగులు ముందు చస్తాయి, పేనుబంక ముందు కోలుకుంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ అక్షింతల పురుగు పిల్ల ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. తేడా నడకలో తెలుస్తుంది. పిండినల్లి ఉన్నచోటే అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ పిల్ల పొడవైన పోగులు ఊపుకుంటూ చురుగ్గా తిరుగుతుంది. పుల్లతో తిరగేస్తే బలమైన కాళ్ళు, కొరికే నోరు కనబడతాయి. దీన్నే పిండినల్లి అనుకుని నలిపేసేవాళ్ళు ఎంతోమంది.

మిత్రపురుగుల శక్తిని తక్కువగా చూడకూడదు. నిమ్మ జాతి చెట్లనూ, తుమ్మ జాతి అలంకరణ చెట్లనూ పీల్చే దూది పొలుసు పురుగు కాలిఫోర్నియాలో విపరీతంగా పెరిగినప్పుడు, 1888లో ఆస్ట్రేలియా నుంచి తెప్పించిన వెడాలియా అక్షింతల పురుగు దాన్ని అదుపు చేసింది. మరీ ఈమధ్యది చెప్పాలంటే బాడిద చెట్ల సంగతి. ఆకుల మీద, కాడల మీద బుడిపెలు తెప్పించే చిన్న కందిరీగ 2005లో హవాయి చేరి ఆ చెట్లను మోడు చేసింది. 2008లో ఆఫ్రికా నుంచి తెచ్చిన పరాన్నజీవిని వదిలాక నష్టం బాగా తగ్గింది. అన్ని చెట్ల మీద ఆ పని ఏ మందూ చేయగలిగేది కాదు.

మిత్రపురుగులు పని చేయాలంటే చీమలను ఆపాలి. బంక కోసం చీమలు పేనుబంకనూ, పిండినల్లినీ, మెత్తని పొలుసు పురుగునూ కాపలా కాస్తాయి, వాటి జోలికి వచ్చిన శత్రువులను తరిమేస్తాయి. కాండం చుట్టూ 10 సెం.మీ. వెడల్పున గట్టి కాగితమో, ప్లాస్టిక్ పట్టీయో బిగించి, దాని మీద ఎండని జిగురు పూయాలి. జిగురు నేరుగా బెరడుకు పూయకూడదు, లేత బెరడు దెబ్బతింటుంది. పట్టీ కింద సందులుంటే చీమలు అందులోంచే పోతాయి, కాబట్టి ముందు దూది కుక్కాలి. గోడకో, కరెంటు స్తంభానికో, పక్క చెట్టుకో కొమ్మ తగులుతుంటే ఆ కొమ్మ కత్తిరించాలి. లేదంటే చీమలు అటు నుంచి ఎక్కుతాయి. వారానికోసారి చూసి, దుమ్ము పట్టిన జిగురు మార్చాలి. కాండం లావయ్యేకొద్దీ పట్టీ బిగుసుకుంటుంది, దాన్ని వదులు చేస్తూ ఉండాలి.

నీళ్ళు, ఎరువు, కత్తిరింపు

యూరియా ఎక్కువైతే లేత చిగుళ్ళు విపరీతంగా వస్తాయి, పేనుబంక, పొలుసు పురుగు వాటి మీదే పడతాయి. పురుగు పట్టి నీరసించిందని నత్రజని వేయడం సరిగ్గా తప్పు సమయంలో తప్పు పని. నీళ్ళు కాండం మొదట్లో కాకుండా కొమ్మల చివర్ల నీడ పడే వలయం దాకా, నేల 30 సెం.మీ. లోతు తడిసేలా, ఎక్కువ రోజుల ఎడంతో పెట్టాలి. ఆకుల మల్చింగ్ (చెట్టు మొదట్లో నేల మీద పరిచే పొర) 5 నుంచి 10 సెం.మీ. మందం చాలు, కాండానికి ఓ జానెడు దూరం వదలాలి. కాండానికి ఆనించి పోస్తే బెరడు నాని చెదలకు, తొలిచే పురుగులకు దారి ఇస్తుంది.

పురుగు ఒకటి రెండు కొమ్మల మీదే ఉంటే కత్తిరించి సంచిలో కట్టి తీసేయడం అన్నింటికంటే నయం. ఫైకస్ ఆకులు మధ్యకు మడతపడి లోపల తామర పురుగులు చేరితే ఏ పిచికారీ ఆ మడతలోకి పోదు. ఆ రెమ్మలు కత్తిరించేయడమే మార్గం. ఒకేసారి చెట్టు ఆకుపందిరిలో నాలుగో వంతుకు మించి తీయకూడదు.

పొలుసు పురుగులు, పిండినల్లి

అలంకరణ చెట్లకు ఎక్కువ కాలం వేధించే శత్రువులు ఇవే, ఎక్కువ మందు వృథా అయ్యేదీ వీటి మీదే. తల్లి పొలుసు పురుగు కదలదు. తన పెంకు కిందే గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చే పిల్లలు ఇసుక రేణువంత ఉంటాయి, పసుపో నారింజో రంగులో, కాళ్ళతో పాకుతూ ఉంటాయి. తగిన చోటు దొరకగానే నోటి సూది దింపి స్థిరపడతాయి, కొద్ది రోజుల్లో మైనమూ పెంకూ కప్పుకుంటాయి. మందు బాగా తగిలేది ఆ పాకే దశలోనే.

ఆ దశను కనిపెట్టడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. పురుగు ఉన్న నాలుగైదు రెమ్మలకు రెండు వైపులా అంటుకునే పారదర్శక టేపు చుట్టండి. వారానికోసారి తీసి భూతద్దంతో చూసి కొత్తది చుట్టండి. పసుపు చుక్కలు గుంపుగా అంటుకున్న వారమే పిచికారీ వారం. వేడి ప్రాంతాల్లో తరాలు ఒకదాని మీద ఒకటి వస్తాయి, కాబట్టి 7 నుంచి 10 రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టాలి. ఒక్కసారి కొట్టి వదిలేస్తే గుడ్లలో మిగిలినవి నెల తిరిగేసరికి చెట్టు నిండా ఉంటాయి.

ఏం కొట్టాలి? ఉద్యాన మినరల్ ఆయిల్ చెట్టు ఆకుతో ఉన్నప్పుడు 1 నుంచి 2 శాతం, అంటే లీటరు నీటికి 10 నుంచి 20 మి.లీ. నూనె పురుగు శ్వాసరంధ్రాలను మూసి ఊపిరాడకుండా చేస్తుంది, అందుకే దానికి నిరోధకత రావడం చాలా కష్టం. మొక్కల కోసం తయారైన పొటాషియం సబ్బు ద్రావణమూ మెత్తని పిల్లల మీద బాగా పనిచేస్తుంది, ఎండిపోయాక దానికి శక్తి ఉండదు. బట్టల సబ్బు పొడి దీనికి బదులు కాదు, ఆకులు మాడుస్తుంది. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటినప్పుడు, చెట్టు దాహంతో ఉన్నప్పుడు, గంధకం కొట్టి నెల కానప్పుడు నూనె కొట్టకూడదు. నీలి పూత ఉన్న సైప్రస్ రకాల మీద నూనె పడితే ఆ పూత పోయి మామూలు ఆకుపచ్చ తేలుతుంది.

పిండినల్లికి మైనపు పొడి అడ్డం. ముందు నీటి పైపుతో గట్టి ధార కొట్టి గుంపులను చెదరగొట్టి, చెట్టు ఆరాక మందు కొడితే ఫలితం రెట్టింపు. సబ్బు లేదా అంటుకునే ద్రవం కలపకపోతే మందు చుక్కలుగా జారిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో లెకానిసిలియం (పురుగును చంపే శిలీంద్రంతో చేసిన మందు) లీటరుకు 5 గ్రాములు సాయంత్రం పూట వాడవచ్చు. పొడి వాతావరణంలో అది మొలకెత్తదు. దానికి వారం ముందూ వెనకా శిలీంద్రనాశిని కొట్టకూడదు.

ఆకు తినే గొంగళి పురుగులు

గుడ్ల సముదాయం, అప్పుడే పొదిగి గుంపుగా ఉన్న పిల్లలు కనబడితే ఆ ఆకు తుంచి సబ్బు నీళ్ళలో వేస్తే పని అయిపోతుంది. గన్నేరు, నందివర్ధనం, ఏడాకుల పాల చెట్ల మీద లావుపాటి పచ్చని కొమ్ము పురుగులు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి, చేత్తో ఏరేయవచ్చు. జుట్టు గొంగళి పురుగులను మాత్రం చేతొడుగు లేకుండా ముట్టుకోవద్దు, వెంట్రుకలు దద్దుర్లు తెస్తాయి.

సంఖ్య ఎక్కువైతే బాసిల్లస్ థురింజియెన్సిస్ కుర్‌స్టాకి, అంటే ముందు చెప్పిన బిటి, లీటరుకు 1 నుంచి 2 గ్రాములు. ఇది కడుపులోకి పోతేనే చంపుతుంది. తిన్న కొద్ది గంటల్లో పురుగు మేత మానేస్తుంది, చనిపోవడానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. మర్నాడు ఇంకా బతికే ఉందని మరో మందు కొట్టేవాళ్ళు ఇక్కడే తొందరపడతారు. పురుగు బతికి ఉందా అన్నది కాదు, కింద కొత్త పెంటికలు రాలుతున్నాయా అన్నది చూడాలి. చెట్టు కింద తెల్ల గుడ్డ పరిచి ఉదయం చూస్తే తెలిసిపోతుంది. ఎండకు బిటి కొద్ది రోజుల్లోనే శక్తి కోల్పోతుంది, కాబట్టి సాయంత్రం కొట్టాలి, అవసరమైతే వారానికి మళ్ళీ కొట్టాలి. పురుగు అర అంగుళం దాటకముందే కొడితే మంచి ఫలితం. ఎదిగిన పురుగులకు స్పైనోసాడ్ 45 శాతం మందు లీటరుకు 0.3 మి.లీ. వాడవచ్చు. తడిగా ఉన్నంతసేపు అది తేనెటీగలకు విషం, పూతలో ఉన్న చెట్టుకు వద్దు.

పేనుబంక, తెల్లదోమ, నల్లి

పేనుబంకకు వారానికి రెండుసార్లు ఆకు అడుగుకు తగిలేలా నీటి ధార చాలాసార్లు సరిపోతుంది. కింద పడ్డ పేను మళ్ళీ చెట్టెక్కడం అరుదు. తెల్లదోమ పిల్లలు ఆకు అడుగున అతుక్కుని ఉంటాయి, రెక్కల పురుగు మాత్రం కొట్టబోతే ఎగిరిపోతుంది. అందుకే ఉదయం చల్లగా ఉన్నప్పుడు, అవి మందకొడిగా ఉన్నప్పుడు, కింది నుంచి పైకి కొట్టాలి. దేవగన్నేరు ఆకు అడుగున తెల్లని మైనపు సుడులు కనబడితే సుడి తెల్లదోమ. చెట్టుకు కట్టిన పసుపు జిగురు అట్టలు రాకను కనిపెట్టడానికే, అదుపుకు కాదు.

ఈ మూడింటికీ వేప మందు వాడవచ్చు. అందులో పనిచేసే పదార్థం అజాడిరక్టిన్ 1500 పీపీఎం (పది లక్షల వంతుల్లో 1500) అయితే లీటరుకు 5 మి.లీ., 10,000 పీపీఎం అయితే మోతాదు చాలా తక్కువ, లేబుల్ చూడాలి. వేప మందు వెంటనే చంపదు. పిల్లలు కుబుసం విడవకుండా, మేత మేయకుండా చేస్తుంది. ఫలితం చూడటానికి వారం పది రోజులు ఇవ్వాలి. నల్లికి ముందు చెట్టు దుమ్ము కడిగి, నూనె గానీ నీటిలో కరిగే గంధకం గానీ వాడాలి, రెండూ దగ్గర దగ్గరగా వాడకూడదు. కానుగ లాంటి చెట్ల ఆకుల మీద వచ్చే బుడిపెలు చూడ్డానికి భయంకరంగా ఉన్నా చెట్టుకు పెద్ద హాని చేయవు. బుడిపె లేచాక లోపలి జీవికి మందు తగలదు, వదిలేయండి.

పిచికారీ ఎక్కడ తప్పుతుంది

మందు పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మందు తగలకపోవడమే. ముందు మామూలు నీళ్ళతో ఒకసారి కొట్టి చూడండి. చెట్టు లోపల, పైన, ఆకుల అడుగున అక్కడక్కడ చిన్న కాగితం ముక్కలు పిన్నుతో గుచ్చి, నీళ్ళు కొట్టాక ఏవి పొడిగా ఉన్నాయో చూస్తే మీ నాజిల్ ఎక్కడికి చేరడం లేదో తెలుస్తుంది. ఆ చెట్టుకు ఎన్ని లీటర్లు పట్టాయో కూడా కొలుచుకోండి, మందు అంతకే కలపవచ్చు. వీపు స్ప్రేయర్ మూడు నాలుగు మీటర్లు దాటి అందదు. అంతకంటే ఎత్తయితే పవర్ స్ప్రేయర్, పొడవు గొట్టం కావాలి. చెట్టెక్కి కొట్టడం, కరెంటు తీగల దగ్గర లోహపు గొట్టం ఎత్తడం ప్రాణాంతకం.

వేప నూనెను సొంతంగా కలిపేటప్పుడు వరస ముఖ్యం:

1. ఒక లీటరు గోరువెచ్చని నీటిలో ద్రవ సబ్బు కరిగించాలి. 16 లీటర్ల ట్యాంకుకు 20 నుంచి 30 మి.లీ. సబ్బు.
2. అందులో 80 మి.లీ. వేప నూనె సన్నని ధారగా పోస్తూ పాల రంగు వచ్చేదాకా కలపాలి. పైన నూనె తేలితే సబ్బు చాలలేదన్నమాట.
3. ట్యాంకు సగం నీళ్ళు నింపి, ఈ ద్రవం పోసి కలిపి, మిగతా నీళ్ళు పోయాలి.
4. ఒక చిన్న కొమ్మకు కొట్టి 48 గంటలు చూడాలి. ఆకు మాడకపోతే, తాజాగా మళ్ళీ కలిపి చెట్టంతా కొట్టాలి. కలిపిన ద్రవం నిల్వ ఉంచకూడదు.

ఉప్పు నీళ్ళలో, సున్నం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. సీసాలో కొంచెం కలిపి పావుగంట ఉంచితే ముందే తెలుస్తుంది. అలాంటి చోట వాననీళ్ళు వాడాలి. గాలి ఆకులను బాగా కదిలించే రోజున, 24 గంటల్లో వాన వచ్చేట్టున్నా ఆగండి. చేతొడుగులు, కళ్ళద్దాలు, ముసుగు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు ట్యాంకులోనే పోయాలి, చెరువులో, కాలువలో కాదు.

ఒకే మందు పదే పదే వాడితే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది. పేరు మార్చడం మందు మార్చడం కాదు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ రెండూ 4ఎ వర్గమే. లేబుల్ మీద ఉండే చర్యా వర్గం (మందు పురుగును చంపే తీరు) సంఖ్య మారాలి: బుప్రోఫెజిన్ 16, స్పైనోసాడ్ 5, క్లోరాంట్రానిలిప్రోల్ 28.

వేరు ద్వారా ఇచ్చే మందులు

ఎత్తైన చెట్టుకు పిచికారీ అందనప్పుడు మొదట్లో పోసే అంతర్వాహిక మందు (వేళ్ళు పీల్చుకుని చెట్టంతా పాకే మందు) ఆకర్షణీయంగా కనబడుతుంది. దానికి కాండం వ్యాసాన్ని బట్టి మోతాదు లెక్క కట్టాలి. నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసి 3.14తో భాగించండి; 94 సెం.మీ. చుట్టుకొలతకు వ్యాసం 30 సెం.మీ. మల్చింగ్ పక్కకు జరిపి, ముందురోజు తడిపిన నేలలో, కాండం చుట్టూ అర మీటరు లోపు పోయాలి. ఇమిడాక్లోప్రిడ్ పెద్ద చెట్టు పైకి చేరడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. పురుగు కనబడ్డాక పోసి వారంలో ఫలితం అడగడం వృథా. మెత్తని పొలుసు పురుగుకు పనిచేసే ఇమిడాక్లోప్రిడ్, గట్టి పెంకు రకానికి సరిగ్గా పనిచేయదు.

ఇమిడాక్లోప్రిడ్ ఉన్న 4ఎ వర్గపు మందులు పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతాయి. 2013 జూన్‌లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం విల్సన్‌విల్‌లో పూతలో ఉన్న లిండెన్ చెట్లకు పేనుబంక కోసం ఇదే వర్గపు డైనోటెఫ్యూరాన్ కొట్టారు. 50,000కు పైగా బంబుల్ తేనెటీగలు చచ్చిపోయాయని అంచనా. చెట్టును చంపని పేనుబంక కోసం జరిగిన నష్టం అది. 2018లో యూరోపియన్ యూనియన్ ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, క్లోథియానిడిన్‌ల ఆరుబయట వాడకాన్ని నిషేధించింది. తేనెటీగలు వచ్చే పూల చెట్లకు వీటిని వాడకపోవడమే సరి. నల్లి బెడదా ఉంది: న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కాండం తొలిచే పెంకు పురుగు నివారణకు ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చిన ఎల్మ్ చెట్ల మీద నల్లి విజృంభించింది.

కాండం తొలిచే పురుగులు

బెరడు మీద పట్టు దారాలతో అల్లిన, పొట్టు అంటుకున్న గోధుమ రంగు పట్టీలు పాముల్లా పాకి కనబడితే బెరడు తినే గొంగళి పురుగు. పగలు కొమ్మ చీలిక దగ్గరి సొరంగంలో దాక్కుని, రాత్రి ఆ పట్టీ చాటున బెరడు మేస్తుంది. ముందు పట్టీ అంతా గీకి శుభ్రం చేసి, రెండు రోజులాగి చూడండి. కొత్త పొట్టు వస్తేనే లోపల పురుగు ఉన్నట్టు. అప్పుడు చివర కొక్కెంలా వంచిన సన్నని తీగను రంధ్రంలో పెట్టి తిప్పుతూ లాగాలి. అందకపోతే కీటకనాశక నులిపురుగుల ద్రావణం గానీ, బ్యూవేరియా (పురుగును చంపే శిలీంద్రం) ద్రావణం గానీ సూది లేని సిరంజితో నింపి, బంకమట్టితో మూయాలి. కిరోసిన్, పెట్రోలు పోస్తే చుట్టూ ఉన్న సజీవ కణజాలం కూడా చస్తుంది.

పెంకు పురుగు జాతి తొలిచే పురుగులు చాలావరకు నీరసించిన చెట్టునే వెతుక్కుంటాయి. నీటి ఎద్దడి, కాండానికి తగిలిన గడ్డి కోసే యంత్రం గాయం, వేళ్ళ మీద పోసిన మట్టి, ఇవి సరి చేయకుండా రంధ్రాలు పూడ్చుకుంటూ పోతే లాభం లేదు. తాటి జాతి చెట్లలో ఆకులు ‘V’ ఆకారంలో కోసినట్టుంటే కొమ్ము పురుగు (తల మీద కొమ్మున్న పెంకు పురుగు). అది పెంటకుప్పల్లో, కుళ్ళిన మొద్దుల్లో పెరుగుతుంది, ఆ కుప్పల్లో మెటారైజియం అనే పురుగును చంపే శిలీంద్రం కలపాలి. మొవ్వు (నడిమి మొగ్గ) లోంచి గోధుమ రంగు ద్రవం, నమిలిన పీచు వస్తే ఎర్రముక్కు పురుగు. కాండానికి చెవి పెడితే లోపల కొరుకుతున్న చప్పుడు కూడా వినబడవచ్చు. దాన్ని ఆకర్షించేది తాజా గాయం వాసన, కాబట్టి పచ్చి మట్టలు అనవసరంగా కోయవద్దు.

కొట్టాక చూడాల్సింది

బిటి కొట్టిన చెట్టును నాలుగో రోజు, సబ్బు, నూనె కొట్టిన చెట్టును వారానికి, వేప మందు కొట్టిన చెట్టును పదో రోజు చూడండి. ముందు గుర్తు పెట్టుకున్న అవే కొమ్మలను చూడాలి, లేకపోతే పోలిక ఉండదు. చచ్చిన పొలుసు పురుగు పెంకు నెలల తరబడి కొమ్మకు అంటుకునే ఉంటుంది. అది చూసి మందు పనిచేయలేదనుకుని మళ్ళీ కొట్టడం మామూలైపోయింది. గుండుసూది మొనతో ఇరవై పెంకులు లేపి చూడండి. కింద పొడిగా, గోధుమ రంగులో, నలిపితే పొట్టు రాలితే చచ్చింది. బొద్దుగా, తడిగా, నలిపితే పసుపు రసం వస్తే బతికుంది. ఇరవైలో బతికినవి రెండు మూడే ఉండి, టేపుకు కొత్త పిల్లలు అంటుకోకపోతే తర్వాతి పిచికారీ మానేసి, మిగతావి మిత్రపురుగులకు వదిలేయవచ్చు. పెంకు మీద గుండ్రని చిన్న రంధ్రాలు కనబడితే అవి ఇప్పటికే పనిలో ఉన్నాయన్నమాట.